సన్నని ఈల

భార్య తన చెల్లెలి ఊరికి వెళ్ళి వారం తిరక్కుండానే పెట్టెలు వెనక్కొచ్చాయి.

మేస్త్రీ అప్పుడు ముందుగదిలో గొంతుక్కూర్చుని కొత్త పెట్టె అంచులకు జిగురు రాస్తున్నాడు. ఆ గదిలోంచి మంచం తీసేసి చాలాకాలమైంది. కిటికీ కింద కోత మిషను, గోడవారన నిలబెట్టిన ప్లైవుడ్ చెక్కలు, మూలనున్న గోనెసంచిలో రంపప్పొట్టు. లోపలికి వచ్చినవాళ్ళకు ముందు చెక్క వాసన, దాని వెనకే జిగురు వాసన తగిలి, ఆ తర్వాతే మనిషి కనపడేవాడు. అతను ఇంట్లో కూర్చుని చేసేవి చిన్న సబ్ ఊఫర్ పెట్టెలు. మంచం కిందో కారు సీటు కిందో దూరిపోయేంత చిన్నవి. స్పీకరు బిగించి పాట పెడితే మాత్రం నేల గుమ్మనేది.

ఎవరో భుజం మీద చెయ్యి వేశారు. మేస్త్రీ ఉలిక్కిపడ్డాడు. జిగురు కుంచె చెక్క దాటి పంచె మీద గీత గీసింది.

"పిలవొచ్చు కదయ్యా, దెయ్యంలా వెనకొచ్చి నిలబడకపోతే!"

"పిలిచాను బావా. గుమ్మంలోంచి, మళ్ళీ ఇక్కడ్నుంచి" అన్నాడు వచ్చినవాడు.

వచ్చినవాడు, ఈ పెట్టెలు కొని అమ్మే షాపులో వాటికి స్పీకర్లు బిగించే ఫిట్టరు. టేప్ రికార్డర్ల కాలం నుంచి ఆ షాపునే పట్టుకుని ఉన్నాడు కాబట్టి బజారంతా అతన్ని టేపు అంటుంది. వరస కాకపోయినా ఇద్దరూ ఒకరినొకరు బావా అని పిలుచుకుంటారు. బయట ఆటోలోంచి మూడు పెట్టెలు ఒక్కొక్కటిగా దింపి తెచ్చి గది మధ్యలో పెట్టాడు.

"ఏంటివి?"

"నీ పిల్లలే. పుట్టింటికి తిరిగొచ్చాయి." టేపు చెమట తుడుచుకుంటూ నవ్వాడు. "లోపల ఎవరో బస్సు కండక్టరుని పెట్టి మూత బిగించేసినట్టున్నావు బావా. ఒకటే ఈల. కొన్నవాళ్ళు తిరిగిచ్చేసి వెళ్ళారు."

మేస్త్రీ నవ్వలేదు. అతని పెట్టెకి గొట్టం ఉండదు, స్పీకరు కూర్చునే కంత తప్ప ఇంకో కంత ఉండదు. అన్ని వైపులా మూసిన పెట్టె. దాన్లోంచి వెంట్రుకవాసి గాలి బయటికి పోయినా మోత వచ్చినప్పుడల్లా ఆ సందు ఈలేస్తుంది. అలాంటి పెట్టె తన చేతిలోంచి ఇంతవరకూ బయటికి పోలేదని అతని నమ్మకం. చేతులు గుడ్డకు తుడుచుకుని, ఒక పెట్టెని పాత ఆంప్లిఫయరుకి తగిలించి, ఫోనులోంచి పరీక్ష మోత పెట్టాడు. సన్నగా మొదలై, బరువెక్కి, నేలలోకి దిగే మోత. అది అరికాళ్ళలోంచి మోకాళ్ళదాకా ఎక్కింది. మేస్త్రీ తల వంచి, కళ్ళు మూసుకుని, పెట్టె నాలుగు మూలల దగ్గరా చెవి పెట్టాడు. రెండోది విన్నాడు. మూడోదీ విన్నాడు.

"ఏదీ ఈల?"

టేపు అతని మొహంలోకి చూశాడు.

"వినపడటం లేదా బావా?"

"లేనిదెలా వినపడుతుంది? గుమ్మని గుడి గంటలా మోగుతుంటే!" మేస్త్రీ స్క్రూడ్రైవరు తీసి స్పీకరు చుట్టూ ఉన్న స్క్రూలు పట్టి చూశాడు. ఒకటి కొంచెం తిరిగింది. "ఇదిగో, ఇదీ సంగతి. నువ్వు సరిగ్గా బిగించకపోతే నా చెక్క ఏం చేస్తుంది?"

"ఆ స్క్రూ కాదు బావా..." అని ఏదో చెప్పబోయి, టేపు మళ్ళీ అతని మొహం చూసి ఆగిపోయాడు. "సరే. గట్టిగా బిగిస్తాలే" అని పెట్టెలు ఎత్తుకుని వెళ్ళిపోయాడు.

తర్వాత రెండు రోజులూ మేస్త్రీ పంతం పట్టినట్టు పనిచేశాడు. చెక్క కోసే ముందు పెన్సిలు గీత రెండుసార్లు చూసుకున్నాడు. కోసిన అంచుకి చిత్రిక పట్టి, వేలు జారిస్తే ఎక్కడా తగలకుండా ఉప్పుకాగితంతో రుద్దాడు. జిగురు పూసి, పక్కలు కూర్చి, క్లాంపులు ఒక్కో మర చొప్పున బిగిస్తుంటే అంచుల వెంబడి తెల్లటి చుక్కలు వరసగా పైకి ఉబికాయి. ఆ చుక్కలు ఎడం లేకుండా వస్తేనే అతుకు సరిగ్గా పడినట్టు. గుడ్డతో తుడుస్తూ తనలో తాను, "దీనికి ఈలట, ఈల" అనుకున్నాడు. మిషను దుమ్ము కనుబొమల మీద, మీసం మీద పేరుకుంది. భార్య ఉంటే మధ్యలో మంచినీళ్ళు తెచ్చి పెట్టేది. ఇప్పుడు నీళ్ళ చెంబు తనే నింపుకోవాలి, పొయ్యి మీద పాలు తనే చూసుకోవాలి. రెండుసార్లూ పాలు పొంగిపోయాయి.

జిగురు ఆరాక స్పీకరు పెట్టి మోత విన్నాడు. సంతృప్తిగా తల ఊపి, రంగు వేసి, పెట్టెలు షాపుకి పంపాడు. మర్నాడు షాపు యజమాని దగ్గర్నుంచి కబురు వచ్చింది, ఒకసారి వచ్చి వెళ్ళమని.

షాపులో జనం ఉన్నారు. ఒక మూల టీవీ, ఇంకో మూల పాటలు, మధ్యలో బేరాలు. గాజు కౌంటరు మీద మేస్త్రీ పెట్టెలు వరసగా పెట్టి ఉన్నాయి. వాటి వెనక టేపు నిలబడి ఉన్నాడు. యజమాని మర్యాద తెలిసిన మనిషి. కుర్చీ వేయించాడు.

"మేస్త్రీ, నా పరువు పోతోంది. కొత్తవి కూడా అంతే. కొన్నవాడు ఇంటికెళ్ళి పాట పెట్టుకుంటే బుస్సు బుస్సుమంటోందట. మీ పనిలో ఎప్పుడూ మాట రాలేదు. ఇప్పుడేమైంది?"

మేస్త్రీ కూర్చోలేదు. పదిమంది ముందు తన పని గురించి ఇలా అడిగినవాళ్ళు లేరు. చెవులు వేడెక్కాయి. కౌంటరు మీదున్న స్క్రూడ్రైవరు అందుకుని, ఒక పెట్టె స్పీకరు విప్పి పైకి ఎత్తాడు. స్పీకరు అంచు కింద మెత్తటి ఫోము రింగు ఉండాలి, గాలి పోకుండా. దాని బదులు అక్కడ సైకిలు ట్యూబు ముక్కలు కత్తిరించి అంటించి ఉన్నాయి.

మేస్త్రీ ఆ నల్ల ముక్కని గోటితో పీకి అందరికీ కనపడేలా పట్టుకున్నాడు.

"ఇదిగోండి మీ ఈల. రింగు ఎక్కడ? రింగు కాజేసి పాత ట్యూబు ముక్కలు అంటిస్తే ఈలెయ్యక పాట పాడుతుందా? నా పెట్టెలో తప్పు లేదు. మీ ఫిట్టరుకి చేతివాటం ఎక్కువైంది. బయట ఎవరికి అమ్ముకుంటున్నాడో అడగండి."

షాపులో బేరాలు ఆగాయి. టేపు మొహం పాలిపోయింది. నోరు తెరిచాడు. యజమాని వైపు చూశాడు. యజమాని రసీదుల కట్ట సర్దుకుంటున్నాడు. టేపు మేస్త్రీ వైపు తిరిగాడు, చాలాసేపు చూశాడు, నోరు మూసుకున్నాడు.

"చెప్పు. రింగులు ఏం చేశావో చెప్పు!" అన్నాడు మేస్త్రీ. తను ఎంత గట్టిగా అరుస్తున్నాడో అతనికి తెలియలేదు. రోడ్డు మీద పోయేవాళ్ళు కూడా ఆగి చూశారు.

టేపు జేబులోంచి చిన్న స్క్రూడ్రైవరు తీసి కౌంటరు మీద పెట్టాడు. కొక్కేనికి తగిలించిన సంచి తీసుకున్నాడు. ఎవరితోనూ ఏమీ చెప్పకుండా, జనం మధ్యలోంచి ఒద్దిగ్గా పక్కకి తిరిగి తిరిగి దారి చేసుకుని, రోడ్డు మీదకి వెళ్ళిపోయాడు.

"పోనివ్వండి. రేపటి నుంచి రావద్దని నేనే చెబుదామనుకుంటున్నా" అన్నాడు యజమాని.

మేస్త్రీ ఇంటికి వచ్చాడు కానీ గెలిచినట్టు అనిపించలేదు. అన్నం వండుకోబుద్ధి కాలేదు. షాపు నుంచి తనతో ఆటోలో వెనక్కొచ్చిన పెట్టెలు మళ్ళీ గది మధ్యలో పేర్చి ఉన్నాయి. వాటి మీద దుమ్ము తుడుస్తూ, చేసింది సరైనదేనని తనకు తాను చెప్పుకున్నాడు. ట్యూబు ముక్క తను కళ్ళారా చూశాడు కదా.

మర్నాడు పొద్దున్నే భార్య దిగింది. చేతిసంచి గోడకి ఆనించి, ముందుగదిలోకి తొంగిచూసి, చెప్పులు విప్పడం కూడా మర్చిపోయి అక్కడే నిలబడిపోయింది.

"ఇవన్నీ ఏంటండీ? నేనొచ్చేదాకా పంపకండి అని చెప్పి వెళ్ళానుగా!"

"నువ్వేమన్నా ఇన్‌స్పెక్టరువా, నీ సంతకం అయ్యాక పంపడానికి?" అన్నాడు మేస్త్రీ. "కూర్చో, చెబుతా. మన టేపుగాడి బాగోతం."

చెప్పాడు. ట్యూబు ముక్క సంగతి చేతులు తిప్పుతూ చెప్పాడు. షాపంతా ఎలా చూసిందో చెప్పాడు. ఆమె వింటూ వింటూ కూలబడినట్టు చెక్కల మీద కూర్చుంది.

"అన్నయ్యని పనిలోంచి తీసేశారా?" టేపుని ఆమె అన్నయ్య అనే అంటుంది.

"తియ్యక? దొంగని ముందు పెట్టుకుని వ్యాపారం చేస్తారా?"

ఆమె లేచి వంటింట్లోకి వెళ్ళింది. నీళ్ళ గ్లాసుతో తిరిగి వచ్చేసరికి అతను తాగడానికని చెయ్యి చాపాడు. ఆమె గ్లాసు ఇవ్వలేదు. కింద పెట్టింది. ఒక పెట్టెని ఆంప్లిఫయరు దగ్గరికి లాగి, తీగలు తనే తగిలించింది. ఎర్రది ఎర్రదానికి, నల్లది నల్లదానికి, తడబాటు లేకుండా. ఈ పని ఈమెకెప్పుడు వచ్చిందని మేస్త్రీ వింతగా చూస్తుండగానే మోత మొదలైంది.

"వినపడుతోందా?" అంది ఎదురుగా వచ్చి.

"బ్రహ్మాండంగా."

"ఈల?"

"ఏ ఈల?"

ఆమె అతని చెయ్యి పట్టుకుని, చూపుడు వేలు నీళ్ళలో ముంచి, పెట్టె వెనక మూల దగ్గర అతుకు మీద ఆనించింది. అతను విసుగ్గా చెయ్యి లాక్కోబోయి ఆగాడు. తడి వేలికి గాలి తగిలింది. మోత వచ్చినప్పుడల్లా చల్లగా, సన్నగా, నిద్రపోయే పసిపిల్ల ఊపిరిలా. ఆమె వేలిని ఇంకో మూలకి జరిపింది. అక్కడా ఉంది. అతను పెట్టె మీదకి వంగి చెవి అతుకుకి ఆనించాడు. గుమ్మని మోత తప్ప ఏమీ లేదు. వేలికి తెలుస్తున్నది చెవికి తెలియడం లేదు.

"ఇది... ఇప్పుడు ఈలేస్తోందా?"

"గది నిండా వేస్తోందండీ."

ఆమె మోత ఆపింది. మేస్త్రీ పెట్టె ముందు అలాగే మోకాళ్ళ మీద ఉండిపోయాడు.

"పెద్ద మోతలు మీకు బాగానే వినపడతాయి. సన్నవే పోయాయి" అంది ఆమె, అతను తన పెదాలు చూసేలా ఎదురుగా కూర్చుని. "పాలు పొంగేది వినపడదు. మనవరాలు ఫోన్లో మాట్లాడితే ఫోన్ బాగోలేదంటారు. వీధి తలుపు బెల్లు పాడైందని ఊడబీకారు. అది బాగానే ఉంది."

"ఎప్పట్నుంచి?"

"రెండేళ్ళు దాటింది."

"మరి ఇన్నాళ్ళూ నా పెట్టెలు..."

ఆమె జడలోంచి తలపిన్ను తీసి చూపించింది. దాని కొనకి ఎండిన జిగురు పొక్కులా అంటుకుని ఉంది. ఆ తర్వాత మెల్లగా చెప్పింది. అతను చెక్కల కోసం బయటికి వెళ్ళినప్పుడు పెట్టె మోగించి చూసేదట. ఈల వచ్చిన చోట పెన్సిలు చుక్క పెట్టుకుని, జిగురులో రంపప్పొట్టు కలిపి ముద్ద చేసి, స్పీకరు కంతలోంచి మోచేతిదాకా చెయ్యి దూర్చి లోపలి అతుకుల్లో పిన్నుతో కూరేదట. అతను వచ్చేలోపు చుక్కలు చెరిపేసేదట.

మేస్త్రీ మెడ నరాలు ఉబ్బాయి. "నాకెందుకు చెప్పలేదు?"

"మొదటిసారి చెప్పాను. నీకేం తెలుసు, నీ గిన్నెలు తోముకో అన్నారు."

అతనికి ఆ మాట అన్నట్టు గుర్తులేదు. కానీ అని ఉంటాడని తెలుసు. ఆమె కూడా ఆ మాటని నిష్ఠూరంగా అనలేదు. జరిగింది జరిగినట్టు చెప్పింది. అదే ఎక్కువ తగిలింది.

"రెండోసారి చెబుదామంటే భయమేసింది. మీరు పని మానేసి ఈ గదిలో ఎలా కూర్చుంటారు? నా చెయ్యి పడితే సరిపోతుంది కదా అనుకున్నాను" అంది. "అన్నయ్యకి ఇలా అవుతుందనుకోలేదు" అంది.

మధ్యాహ్నం మూసిన షాపు తలుపులు సాయంత్రం ఇంకా పూర్తిగా తెరవకముందే మేస్త్రీ మెట్ల మీద నిలబడి ఉన్నాడు. యజమాని లోపలికి పిలిచి టీ తెప్పించాడు. మేస్త్రీ టీ ముట్టుకోకుండానే చెప్పేశాడు. తప్పు ట్యూబు ముక్కది కాదు, స్క్రూది కాదు, తన అతుకులది, వాటిని పట్టుకోలేని తన చెవులది. టేపుని వెంటనే పిలిపించమన్నాడు.

యజమాని సానుభూతిగా తల ఊపాడు. "మీరంత బాధపడకండి మేస్త్రీ. ఆ ట్యూబు ముక్కలు దొంగతనం అని నేనూ అనుకోలేదు. రింగులు కొనడం నేనే మానేసి ఏడాదైంది. ఖర్చెందుకని. ట్యూబు ముక్కలు పాపం టేపే ఇంటినుంచి తెచ్చి అంటించేవాడు."

మేస్త్రీ విన్నది సరిగ్గా విన్నాడో లేదోనని అతని మొహంలోకి వంగి చూశాడు. "మరి నిన్న... మీరు అక్కడే ఉన్నారు కదండీ. ఒక్క మాట చెప్పలేదేం?"

"మీరు అంత గట్టిగా మాట్లాడుతుంటే మధ్యలో ఎక్కడ దూరమంటారు? అయినా మీ దగ్గర దాచడం ఎందుకు..." యజమాని గోడవారన పేర్చిన అట్టపెట్టెలు చూపించాడు. వాటి మీద నల్లగా మెరిసే ప్లాస్టిక్ సబ్ ఊఫర్ల బొమ్మలు. "ఇవి స్పీకరుతో సహా బిగించి వస్తున్నాయి. ఫిట్టరుతో పని లేదు. ఇన్నేళ్ళ మనిషిని పొమ్మని ఎలా అనాలా అని నేనే సతమతమవుతున్నా. మీరే దారి చూపించారు."

టీ మీద మీగడ కట్టింది.

"మరి నా పెట్టెలు?"

"ఉంచండి. అవసరమైతే కబురు చేస్తా" అన్నాడు యజమాని. ఆ మాట మాత్రం మేస్త్రీకి స్పష్టంగా వినపడింది.

టేపు ఇంటికి మేస్త్రీ ఒక్కడే వెళ్ళలేకపోయాడు. మర్నాడు భార్యని తోడు రమ్మన్నాడు. ఇరుకు సందు చివర రెండో అంతస్తు. మెట్లకి పట్టుకోవడానికి కమ్మీ లేదు. తలుపు టేపే తీశాడు. అతని వెనక, గదిలో నేల మీద ఒక ఫ్యాను విప్పదీసి, రెక్కలు, బోల్టులు కాగితం మీద పరిచి ఉన్నాయి. ఇరుగుపొరుగు వాళ్ళది ఎవరిదో బాగుచేస్తున్నట్టున్నాడు. టేపు ఒక్క క్షణం దారికి అడ్డంగానే నిలబడి, మేస్త్రీ భార్యని చూసి పక్కకి తప్పుకున్నాడు.

"రామ్మా. కూర్చో."

ఆమె గోడ పక్కన కూర్చుంది. టేపు ఫ్యాను ముందు చతికిలబడ్డాడు. మేస్త్రీ నిలబడే ఉన్నాడు.

"తప్పు నాదేనయ్యా బావా. నా చెవులు పనిచెయ్యడం లేదు. నిన్ననే తెలిసింది."

"నాకు ముందే తెలుసు" అన్నాడు టేపు, బోల్టుకి నూనె పెడుతూ తల ఎత్తకుండా. మేస్త్రీ "ఆఁ?" అనడంతో తలెత్తి మళ్ళీ చెప్పాడు. "నాకు ముందే తెలుసు మేస్త్రీ. మొదటిసారి పెట్టెలు తెచ్చిన రోజే తెలిసింది. గుమ్మంలోంచి పిలిచినా పలకలేదు. చెవి పక్కన ఈలేస్తుంటే లేదన్నావు."

బావా అన్న పిలుపు పోయిందని మేస్త్రీ గమనించాడు.

"మరి షాపులో చెప్పొచ్చుగా! ఆయనకి చెవుడు, ఆయన మాట నమ్మకండి అని ఒక్క ముక్క అంటే నీ ఉద్యోగం నిలిచేది కదా."

"అందామనే నోరు తెరిచాను. అంటే నీ పని పోతుందే అని ఒక్క క్షణం తటపటాయించాను." టేపు గుడ్డ తీసి వేళ్ళు ఒక్కొక్కటీ తుడుచుకున్నాడు. "అంతలో నువ్వు, ఎవరికి అమ్ముకుంటున్నాడో అడగండి అన్నావు. ఇంక నాకు చెప్పబుద్ధి కాలేదు. నీ మీద జాలి కూడా కాదు. చెప్పబుద్ధి కాలేదు, అంతే."

మేస్త్రీ చేతులు జోడించాడు. ఆ చేతులు చూసి టేపు మొహం తిప్పుకున్నాడు.

"ఇంట్లో దాన్ని చూసుకో. ఇంటి పనీ, నీ పనీ అదే లాగుతోంది" అన్నాడు, ఆమె వైపు చూస్తూ. అంటే ఆమె చెయ్యి సంగతి కూడా అతనికి తెలుసన్నమాట. పెట్టెల్లో స్పీకరు బిగించేవాడు లోపలి అతుకుల మీద కొత్త జిగురు చూడకుండా ఉంటాడా?

"నేను మళ్ళీ షాపుకెళ్ళి అందరి ముందూ చెబుతాను. ఆ రోజు అక్కడున్నవాళ్ళని వెతికి అయినా సరే..."

"వాళ్ళెవరో నాకే తెలియదు, నువ్వెక్కడ వెతుకుతావు?" అన్నాడు టేపు. "బజార్లో మూడు షాపులు తిరిగాను. కబురు నాకంటే ముందే వెళ్ళింది. నా చేతికిస్తే స్పేరు పార్టులు మిగలవట." చిన్నగా నవ్వాడు. పాత నవ్వు కాదు.

మేస్త్రీ భార్య లేచి, "వెళ్ళొస్తాం అన్నయ్యా" అంది. గడప దాటి మెట్ల మీద కాలు పెట్టాక టేపు వెనకనుంచి ఏదో అన్నాడు. ఏదో అన్నాడని మేస్త్రీకి తెలిసింది, భార్య ఆగి వెనక్కి తిరిగింది కాబట్టి. అతనూ తిరిగాడు. టేపు పెదాలు కదలడం అప్పటికే ఆగిపోయింది. మొహం గట్టిగా బిగుసుకుని ఉంది. తలుపు వేసేశాడు.

"ఏమన్నాడు?"

ఆమె మెట్లు దిగుతోంది. అతను భుజం పట్టి ఆపాడు.

"ఏమన్నాడే?"

ఆమె అతనికి ఎదురుగా తిరిగింది. పెదాలు బాగా కనపడేలా, నిదానంగా చెప్పింది. "మెట్లకి కమ్మీ లేదు, చూసుకుని దిగమన్నాడండీ."

మేస్త్రీ ఆమె మొహం వెతికాడు. రెండేళ్ళు అతనికి ఏమీ తెలియనివ్వని మొహం అది. ఇప్పుడూ అలాగే ఉంది, నిశ్చలంగా, అతని మీద ప్రేమగా. పైన మూసిన తలుపు వైపు చూశాడు. వెళ్ళి తట్టి అడగొచ్చు. అడిగితే టేపు చెప్పనూ చెప్పొచ్చు.

"మంచివాడు" అన్నాడు మేస్త్రీ.

"మంచివాడండీ" అంది ఆమె.

కింద సందులో పిల్లలు ఆడుకుంటున్నారు. వాళ్ళ నోళ్ళు తెరుచుకుంటున్నాయి, మూసుకుంటున్నాయి. మేస్త్రీ గోడ పట్టుకుని, ఒక్కో మెట్టూ చూసుకుంటూ ఆమె వెనకే దిగాడు.